కిటికీ బయట చక్రం

ఇంటాయనతో వచ్చిన చిక్కల్లా ఆయన జేబులో టేపు ఉండటమే. తాగుడూ పేకాటా ఉన్న మొగుళ్ళతో ఆడవాళ్ళు ఎలాగో నెట్టుకొస్తారు, నలుగురితో చెప్పుకుని ఏడవనైనా ఏడుస్తారు. కొలతల టేపు పెట్టుకు తిరిగే మనిషి గురించి ఎవరితో చెప్పుకుంటారు? ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో ఆయన ఉద్యోగం. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ తలుపులు ఎటు తెరుచుకోవాలో తేల్చి, ఇంటికి రాగానే సొంత తలుపుల మీద పడతాడు. కొత్త బకెట్టు కొంటే ముందు దాన్ని కొలిచి, ఆ తర్వాతే నీళ్ళు పట్టనిస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఆమెని గోడకి ఆనించి నిలబెట్టి నెత్తి మీద పెన్సిలుతో గీత గీశాడు. ఏదో ముచ్చట కాబోలనుకుని ఆమె సిగ్గుపడింది. మంచం చేయించడానికట.

ఈసారి టేపు బయటికి రావడానికి కారణం ఒక బొత్తాం. ఆఫీసులో ఎవరో రిటైరవుతుంటే, బహుమతి అందించడానికి ఆయన ముందుకు వంగాడు. పొట్ట దగ్గరి బొత్తాం తెగి, ఎగిరి, సరిగ్గా మేనేజరు టీ కప్పులో పడింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆయన గొంతు సవరించుకుని, ఇంట్లోనే బరువులెత్తే జిమ్ము పెడుతున్నాం అని ప్రకటించాడు. 'పెడుతున్నాం' అన్న మాట దగ్గరే ఆమె జాగ్రత్తపడాల్సింది. ఆయన 'మనం' అన్నప్పుడల్లా అందులో ముప్పాతిక ఆమే అవుతుంది.

బయట జిమ్ముకి వెళ్ళొచ్చుగా నాన్నా, వీధి చివరే ఉంది అంది కూతురు. అక్కడ కుర్రాళ్ళుంటారన్నాడు ఆయన. అంతకు మించిన కారణం ఎవరూ అడగలేదు.

టేపు మొదట హాల్లో పరుచుకుంది. హాల్లో ఓ మూల అత్తగారి మంచం. ఆవిడ దాని మీద కాళ్ళు చాపుకుని కూర్చుని టీవీ చూస్తుంటే, టేపు మంచం కింద నుంచి పాములా పాకి అవతలి గోడ దాకా పోయింది. మంచాన్ని గుమ్మం పక్కకి జరిపితే బెంచీ పడుతుందా పడదా అని ఇంటాయన తనలో తను లెక్కలు గొణుక్కుంటున్నాడు. ఆవిడ అంతా విన్నది. టీవీ మీంచి చూపు తిప్పకుండానే అంది.

"ఆ వెనక గది ఖాళీయేగా పడుంది. దుమ్ము తప్ప దాన్లో ఏముందని?"

టేపు చప్పున ముడుచుకుని డబ్బీలోకి పోయింది. ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అన్యాయం చేసే మనిషి కాదు. ఎవరి గోడ జరిపినా వాళ్ళని అడిగి జరపాలన్నది ఆఫీసులో నేర్చుకున్న నీతి.

"ఆ గదిలో నీకేమన్నా పనుందా?"

ఆమె బీన్స్ ఈనెలు తీస్తోంది. తల ఎత్తింది, దించింది.

"ఏం లేదు" అంది.

అబద్ధమేమీ కాదు. ఆ గదిలో ఆమెకి పనేమీ లేదు. ఆ గదికున్న ఉపయోగమంతా అదే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, గిన్నెలు బోర్లించి, గట్టు తుడిచి, తుడిచిన గుడ్డ పిండి ఆరేసి ఆమె ఆ గదిలోకి వెళ్ళేది. తలుపు జారేసేది గానీ గడియ పెట్టేది కాదు. గడియ పెడితే ఎందుకు పెట్టావని ఎవరో ఒకరు అడుగుతారు. కిటికీ కింద ఒక చాప. దాని మీద వెల్లకిలా పడుకునేది. నిద్ర కాదు. పుస్తకం కాదు. జపమూ కాదు. ఆ వేళకి అత్తగారికి కునుకు పడుతుంది కాబోలు, హాల్లో టీవీ కూడా గొంతు తగ్గించుకునేది.

ఆ కిటికీ వెనక వరండాలోకి ఉంటుంది. రెక్కలు ఓరగా వేస్తే, వరండా దాటొచ్చిన పడమటి ఎండ గదిలోకి అరచేయంత ముక్కగా మాత్రమే దిగేది. ముందు ట్రంకు పెట్టె మీద వాలేది. అక్కడ కాస్త అలుపు తీర్చుకుని చుట్టిపెట్టిన పాత పరుపు మీదికి పాకేది. ఆ పైన గోడెక్కేది. దాని దారిలో దుమ్ము రేణువులు చేపపిల్లల్లా మెరిసి, తిరిగి, మాయమయ్యేవి. కాసేపటికి గదంతా నీళ్ళు నిండినట్టు ఉండేది. తను ఆ నీటి అడుగున పడుకుని పైకి చూస్తున్నట్టు, కుక్కరు కూతలూ ఫోను మోతలూ ఎక్కడో పైన ఎవరివో పడవల్లా తేలిపోతున్నట్టు. అక్కడున్నంతసేపూ ఆమె ఎవరికీ ఏమీ కాదు. పెళ్ళాం, కోడలు, అమ్మ అన్నవి మూడూ తడిగుడ్డతో పాటు తాడు మీద ఆరుతుండేవి. వెలుగు గోడ మీంచి చెరిగిపోయాక లేచి జుట్టు ముడేసుకుని వచ్చేసేది. వెళ్ళి తెచ్చుకున్నదేమీ లేదు. కానీ ఆ సాయంత్రం పాలు పొంగిపోయినా ఆమెకి కోపం వచ్చేది కాదు.

టేపు పట్టుకున్న మనిషికి ఇదంతా ఎలా చెబుతుంది? అక్కడ ఊరికే ఉంటానంటే, ఊరికే ఉండటానికి ప్రత్యేకం గదెందుకు, ఎక్కడైనా ఉండొచ్చుగా అంటాడు. వినడానికి అందులో న్యాయం ఉన్నట్టే ఉంటుంది. ఆమె బీన్స్ తుంచడంలో పడింది.

గది ఖాళీ చేయడం మొదలుపెట్టాక గానీ ఖాళీ గదిలో ఇంత సామానుందని ఎవరికీ తెలియలేదు. ట్రంకు పెట్టె, పరుపు, కాలు విరిగిన కుర్చీ, కూతురి చిన్ననాటి సైకిలు, మూతల్లేని డబ్బాలు, వాటివి కాని మూతలు అన్నీ ఒకటొకటే బయటికొచ్చి, రైలు తప్పిపోయిన ప్రయాణికుల్లా వరండాలో వరసగా నిలబడ్డాయి. చివరికి చాప కూడా వచ్చింది. ఇదెవరిదని అడక్కుండానే ఇంటాయన దాన్ని చుట్టి అటక మీదికి విసిరాడు. చాప పైన ఎక్కడో మెత్తగా పడ్డ చప్పుడు ఆమెకి వినిపించింది.

నేల నిండా నల్లటి రబ్బరు పలకలు పరిచారు. కొత్త టైర్ల వాసన గది దాటి, వంటింట్లోకి నడిచొచ్చి టీలో కలిసింది. మర్నాడు ఇద్దరు మనుషులు బెంచీ, రెండు ఇనప స్తంభాలు, పొడవాటి కడ్డీ, నడుమ చిల్లున్న చక్రాల్లాంటి బరువులు మోసుకొచ్చి దించారు. ఒక్కో చక్రం దించినప్పుడల్లా ఇల్లు కడుపులోంచి మూలిగింది. భూకంపమా అని మంచం మీంచి అత్తగారు అడిగింది. కాదు నానమ్మా, మీ అబ్బాయే అంది కూతురు.

ఆయన అప్పటికే రంగు పెన్సిళ్ళతో ప్లాను గీసి గోడకి అంటించాడు. దాని ప్రకారమే స్తంభాలు నిలబెట్టాడు, నడుమ బెంచీ పెట్టాడు, స్తంభాల మీద కడ్డీ ఉంచాడు. గది వెడల్పులో కడ్డీ అచ్చంగా పట్టింది. అటు గోడ దగ్గర రెండు వేళ్ళు, ఇటు మూసిన కిటికీ దగ్గర రెండు వేళ్ళు మిగిలాయి. ఆయన వెనక్కి తగ్గి, తల పక్కకి వాల్చి, పసిపిల్లని చూసినట్టు మురిపెంగా చూసుకున్నాడు. ఆ తర్వాత చక్రం ఎత్తుకొచ్చి కడ్డీకి తొడగబోయాడు.

చక్రం పక్క నుంచి ఎక్కదు. కడ్డీ చివర నుంచే ఎక్కించాలి. చివర గోడ ఉంది.

ఆయన చక్రం మోసుకుంటూ రెండో వైపుకి వెళ్ళాడు. రెండో చివర కిటికీ రెక్క ఉంది. చక్రం చేతిలో పట్టుకునే చాలాసేపు నిలబడ్డాడు. ఊరందరి ఇళ్ళలో బీరువా తలుపు మంచానికి తగలకుండా, మంచం దిగితే కాలు గోడకి తగలకుండా గీసిన మనిషి. ఏం లాభం, ప్లాన్లో సామాను గీస్తారు గానీ సామాను పట్టుకునే చేతుల్ని గీయరు. గోడకి అంటించిన కాగితంలో కడ్డీ ఎర్రగా ఉంది, చక్రాలు నల్లగా ఉన్నాయి. చక్రం తెచ్చి తొడిగే మనిషికి మాత్రం రంగూ లేదు, చోటూ లేదు.

కడ్డీని గది పొడవు వైపుకి తిప్పి చూశాడు. తలుపు పిల్లి దూరేంత మాత్రమే తెరుచుకుంది. ఏటవాలుగా పెట్టాడు. బెంచీ మీద పడుకున్నవాడి తల సరిగ్గా తలుపు తగిలే చోటికొచ్చింది. చిన్న కడ్డీ తెచ్చుకుంటే పోదా అని కూతురు అంటే, కడ్డీ బాగానే ఉందన్నాడు, గోడ వైపు కోపంగా చూస్తూ. ఆఖరికి కిటికీ రెక్కలు బార్లా తెరిచి స్తంభాల్నీ బెంచీనీ ఆ వైపుకి లాగాడు. వరండాలోకి తెరుచుకునేదే కదా అని ఇల్లు కట్టినప్పుడు దానికి ఊచలు పెట్టలేదు. కడ్డీ మూరెడు మేర కిటికీ దాటి బయటికొచ్చింది, పడవలోంచి తెడ్డు పెట్టినట్టు. గాలి కూడా బాగా వస్తుంది, మొదట్నుంచీ ఇలాగే అనుకున్నానన్నాడు.

లోపలి చివర ఆయన తొడుక్కోవచ్చు. బయటి చివరకి బయటి మనిషి కావాలి. ఒక పక్కే బరువుంటే కడ్డీ తిరగబడుతుందని, అటూ ఇటూ ఒక్కసారే తొడగాలని ఆయన ఆమెకి ఓపిగ్గా వివరించాడు.

"నువ్వలా వరండాలోకి వెళ్ళు" అన్నాడు.

ఆమె వెళ్ళింది.

ఆ మర్నాటి నుంచి, తెల్లారీ తెల్లారకుండా, పొయ్యి మీద పాలు పెట్టీ పెట్టకముందే "ఏమోయ్" అని పిలుపు. వరండాలో ఇంకా మసక. మొక్కలూ ప్రహరీ గోడా సగం కలలో ఉన్నట్టు ఉండేవి. గచ్చు మీద చక్రాలు చల్లగా పడుకుని ఉండేవి. అందులో ఒకదాన్ని లేపి, రొమ్ము ఎత్తుకి తెచ్చి, కడ్డీకి ఎక్కించి, జారిపోకుండా పట్టీ బిగించాలి. మొదటిరోజు రెండు చేతులా ఎత్తింది. తర్వాత కిటుకు తెలిసింది. ఒక చేత్తో గరిటె పట్టుకునే రెండో చేత్తో ఎత్తి తగిలించేసేది. బకెట్లూ గ్యాసు సిలిండర్లూ ఎత్తిన చేతులకి ఇదో లెక్కా? ఈ జిమ్ము వల్ల బాగుపడుతున్నది అమ్మ ఒక్కతే అని కూతురు ప్రకటించింది. ఇంటాయన మాత్రం ఇంకా అన్నిటికంటే చిన్న చక్రాల దగ్గరే ఉన్నాడు. పునాది గట్టిగా పడాలట.

తొడిగేసి వచ్చేయడానికి లేదు. ఆయన ఎత్తడం అయ్యాక మళ్ళీ తీయాలి. అందుకని అక్కడే నిలబడి కిటికీలోంచి చూసేది. ఆయన బెంచీ మీద వెల్లకిలా పడుకుని ఉండేవాడు, సరిగ్గా తన చాప ఉండే చోట. పైన తనకి తెలిసిన కప్పు. ఓ మూల సున్నం పెచ్చు ఊడి ఒక మరక ఉంటుంది. చూసే వేళని బట్టి అది ఒకసారి కుందేలు, ఒకసారి కుర్చీ, వాన రోజున గొడుగేసుకున్న ముసలాయన. ఆయనకి ఏం కనిపిస్తోందో అని చూసింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి, బుగ్గలు పూరించి ఊపిరి వదులుతున్నాడు. కప్పు మీద కుందేలు ఎవరూ చూడక అలాగే కూర్చుని ఉంది.

లోపల ఆయన కడ్డీ ఎత్తితే బయట చక్రం కూడా లేచేది. దించితే దిగేది. మనిషి కనబడకుండా, కిటికీ పక్కన గాల్లో ఓ నల్లటి చక్రం లేవడం, వాలడం. పక్కింట్లో రిటైరైన మాస్టారు మొక్కలకి నీళ్ళు పోస్తూ ఈ ఉదయాస్తమయాలు రెండు మూడు రోజులు చూశాడు. చూసి, ఒక పొద్దున ఉండబట్టలేక ప్రహరీ దగ్గరికొచ్చి ఏం చేస్తున్నావమ్మా అని అడిగాడు.

"కిటికీకి చక్రం తొడుగుతున్నానండీ" అంది ఆమె.

మాస్టారు చేతిలోని నీళ్ళ పైపు పక్కకి దించాడు. "ఒక్కటేనా? అటు పక్కన కూడా ఉండాలే."

"అటు మా వారు చూసుకుంటున్నారు."

"సరే. బయల్దేరే ముందు ఒకమాట చెప్పండి" అని ఆయన పైపు మళ్ళీ మొక్కల మీదికి తిప్పుకున్నాడు. "మా ప్రహరీ మీ గోడకి ఆనుకుని ఉంది."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతో పాటు ఆ మాట లోపల ఎక్కడో దిగి ఉండిపోయింది. మసక వెలుగులో చక్రం లేచి వాలుతుంటే, ఇల్లు నిజంగానే కదిలినట్టయింది. ముందు మెల్లగా. ప్రహరీ తనంతట తనే ఒత్తిగిలి దారిచ్చింది. మంచం మీద అత్తగారు, దుప్పట్లో కూతురు, బెంచీ మీద ఇంటాయన, పొయ్యి మీద పాలు, ఎక్కడివక్కడే ఉండగా ఇల్లు మంచులోకి దొర్లిపోతోంది. వీధి మలుపు తిరుగుతోంది. దీపాలు ఒకటొకటే చిన్నవవుతున్నాయి. ఆమె మాత్రం పట్టీ చేత్తో పట్టుకుని, ఇల్లు ఉండాల్సిన చోట గచ్చు మీద నిలబడి ఉంది. లోపల అందరూ ఉన్నారు. ఒక మనిషి తగ్గిందని ఎవరికీ తెలియలేదు. తెలుస్తుందిలే, పాలు పొంగితే, అనుకుంది.

పొంగాయి. మాడిన వాసన వరండా దాకా వచ్చింది. ఆ పొద్దున ఆమె గిన్నెని సింకులో పడేసిన చప్పుడుకి కూతురు లేచొచ్చి ఏమైందమ్మా అని అడిగింది.

పొద్దుటి వేళలు ఎలాగో గడిచేవి. మధ్యాహ్నాలే మనిషిని నిలవనిచ్చేవి కావు. పని అయ్యాక కాళ్ళు అలవాటు కొద్దీ ఆ గది వైపే నడిచాయి. కడ్డీ ఉంది కాబట్టి కిటికీ ఎప్పుడూ బార్లానే. వెలుగు ఇప్పుడు అరచేయంత కాదు. గదంతటా ఒక్కసారిగా వచ్చిపడి, పాకే పనేమీ లేక, చక్రాల మీద కూర్చునేది. ఆమె బెంచీ మీద పడుకుని చూసింది. అది వెన్నెముకంత వెడల్పు. చేతులు రెండూ అటూ ఇటూ వేలాడిపోయాయి. మెడకి ఎదురుగా కడ్డీ. ఊరికే పడుకోనిచ్చే బెంచీ కాదది. పడుకున్న మనిషిని, ఊఁ, ఎత్తు, అంటున్నట్టుంది. లేచి వచ్చేసింది.

వంటింట్లో కూర్చుంటే డబ్బాలు సర్దమన్నాయి. పడగ్గదిలో కూతురు పరీక్షలకి చదువుతోంది. అమ్మ మొహం కనిపిస్తే చాలు, దానికి ఆకలి గుర్తొస్తుంది. వరండాలో ట్రంకు పెట్టె మీద కూర్చుంటే మాస్టారు ప్రహరీ మీంచి తొంగిచూసి, ఇంకా బయల్దేరలేదా అన్నాడు. సొంతింట్లో అద్దెకి గది వెతుక్కుంటున్న దానిలా ఆమె ఇటూ అటూ తిరిగింది.

హాల్లోకి వెళ్ళింది. కునుకులో ఉంటుందనుకున్న అత్తగారు కళ్ళు తెరుచుకునే ఉంది.

"ఈ వేళప్పుడు పడుకోరా అత్తయ్యా?"

"నాకు పగటి నిద్రెక్కడిదే" అంది ఆవిడ. అని, నాలిక్కరుచుకున్నట్టు మొహం పక్కకి తిప్పుకుంది. కాళ్ళు ముడుచుకుని మంచం మీద చోటు చేసింది. ఇలా వాలరాదూ కాసేపు అంది.

ఆమె ఆశ్చర్యపోతూనే మంచం అంచున వాలింది. పొద్దున్నుంచీ 'అమ్మాయ్, అమ్మాయ్' అంటూ చేటలూ చెంబులూ తెప్పించే అత్తగారు కాలు కదిపితే కోడలు లేస్తుందేమో అన్నట్టు బిగుసుకుని కూర్చుంది. దోమ వాలినా తోలుకోలేదు. అదే కష్టమైంది. ఒకళ్ళు ఊరికే ఉండటాన్ని పక్కన ఇంకొకళ్ళు కాచుకుని కూర్చుంటే, అది ఊరికే ఉండటం ఎలా అవుతుంది? ఆమె లేచి, బట్టలు ఆరాయేమో చూస్తానని గొణిగి వెళ్ళిపోయింది. వెనక నుంచి ఆవిడ ఏదో అనబోయినట్టనిపించింది. అంతలో టీవీ గొంతు పెరిగింది.

ఆ వారం చివర్లో వాన పట్టుకుంది. కిటికీ మూద్దామంటే కడ్డీ అడ్డం. జల్లు లోపలికి కొట్టి రబ్బరు పలకల మీద నీళ్ళు నిలిచాయి. కడ్డీ బయటి చివర ఎర్రగా తుప్పు తొంగిచూసింది. ఇంటాయన ఆ రోజు సెలవు పెట్టి మళ్ళీ టేపు తీశాడు. ఈసారి ప్లాను ఇంకా ఘనంగా ఉంది. కిటికీ రెక్కలు పీకేయడం, చట్రం నిండా దళసరి చెక్క పలక బిగించేయడం, కడ్డీ పైకీ కిందికీ ఆడటానికి పలక నడుమ నిలువుగా ఒక సందు వదలడం. మరి వెలుతురో అని కూతురు అడిగితే, దానిదేముంది, లైటు వేసుకుంటాం అన్నాడు.

మధ్యాహ్నం కార్పెంటరు వచ్చాడు. జేబులోంచి తన టేపు తీశాడు. ఒకే గదిలో రెండు టేపులు ఎదురుపడి పలకరించుకున్నాయి. కొలత అయ్యాక కార్పెంటరు చట్రాన్ని ఎగాదిగా చూసి, కిటికీ పెట్టమని పిలిచినవాళ్ళున్నారు గానీ కిటికీ లేకుండా చేయమన్నది మీరే సార్ అన్నాడు. ఇంటాయన దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

ఆమె టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. వాన తెరిపిచ్చి ఉంది. మబ్బుల సందులోంచి ఎండ వరండా దాటి లోపలికి వస్తోంది. తడిసిన రబ్బరు మీంచి లేచే ఆవిరి ఆ ఎండలో పాకుతోంది, నీటి అడుగున ఎవరో ఊపిరి వదిలినట్టు. కార్పెంటరు చెవి మీది పెన్సిలు తీసి చట్రం మీద గీత గీశాడు. రెండో గీత గీయబోతున్నాడు.

"ఆ పలక వద్దు" అంది ఆమె.

గొంతు పెద్దదేం కాలేదు. అయినా పెన్సిలు ఆగింది. వాన కొడుతోందిగా అన్నాడు ఇంటాయన.

"కడ్డీ తీసేయండి. బెంచీ కూడా. నా గది నాక్కావాలి."

"నీ గదా?" అన్నాడు. అందులో కోపం లేదు. కాగితంలో లేని గోడకి నుదురు తగిలినవాడిలా చూశాడు. "నేను అడిగాను కదా. పనేం లేదన్నావు."

"పనేం లేదండీ. అందుకే కావాలి."

ఆయన కార్పెంటరు వైపు చూశాడు. కార్పెంటరు పెన్సిలు మొన వైపు చూశాడు.

"మధ్యాహ్నం ఇక్కడ పడుకుంటాను" అంది ఆమె. "నిద్రపోను. ఏమీ చేయను. కాసేపు ఊరికే ఉంటాను. మిగతా రోజంతా మీ అందరిదే, నేనెప్పుడన్నా కాదన్నానా? ఈ కాసేపు లేకపోతే నేను పొయ్యి దగ్గర కూడా నిలబడలేకపోతున్నాను." చెబుతుంటే అదెంత చిన్న సంగతో తన చెవులకే వినిపించింది. ఇంత చిన్నదానికి కార్పెంటరు ముందు నోరు విప్పిందా అనిపించింది. అయినా గ్లాసులు కింద పెట్టలేదు, చూపు దించలేదు.

ఇంటాయన తల గోక్కున్నాడు. నిజంగానే అర్థం చేసుకోవాలని చూస్తున్నాడు. కొలవడానికి ఏ చివరా దొరకడం లేదు. నువ్వు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది, చూసినవాళ్ళెవరికైనా ఇది ఖాళీ గదే కదా అన్నాడు. చివరికి అలవాటైన సాక్షిని పిలిచాడు.

"అమ్మా, నువ్వే చెప్పు. ఈ గది ఖాళీగా ఉండేదా లేదా?"

హాల్లో టీవీ గొంతు తగ్గింది. తర్వాత పూర్తిగా ఆగిపోయింది. మంచం కిర్రుమంది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ అత్తగారు వచ్చింది. జిమ్ము పెట్టాక ఆవిడ ఆ వైపుకి రావడం అదే మొదటిసారి. గుమ్మంలో కోడలి పక్కన ఆగింది. బెంచీని చూసింది. కిటికీ దాటిన కడ్డీని చూసింది. చట్రం మీది పెన్సిలు గీతని చూసింది.

"ఖాళీగా ఉండేది కాదురా" అంది.

ఇంటాయన నోరు తెరిచాడు.

"నువ్వు ఆఫీసులో ఉంటావు, నీకేం తెలుసు. ఈ వేళకి అమ్మాయి తలుపు జారేసుకునేది. అది చూసి నేను టీవీ తగ్గించేదాన్ని. దాహమేసినా పిలిచేదాన్ని కాదు, వచ్చాక అడగొచ్చులే అని. ఎవరన్నా ఫోను చేస్తే ఇంట్లో లేదని చెప్పేదాన్ని. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ తలుపు తోయలేదు."

ఆమె ఆ నీళ్ళ అడుగున తనొక్కతే ఉన్నాననుకుంది ఇన్నాళ్ళూ. ఒడ్డున ఒకావిడ కాపలా కూర్చుని, వచ్చేపోయే పడవలన్నిటినీ దూరంగా మళ్ళిస్తూ ఉందని ఇప్పుడు వింటోంది. అత్తగారి మొహం వైపు చూద్దామనుకుంది గానీ, చూడటానికి సిగ్గేసింది.

"మరి ఖాళీ అని చెప్పావెందుకమ్మా?" అన్నాడు ఇంటాయన. గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది.

ఆవిడ చీర కొంగు చివర వేళ్ళకి చుట్టుకుంది, విప్పుకుంది.

"నువ్వు నా మంచం కొలిచావు" అంది. "ఈ ఇంట్లో నాకున్నది ఆ మంచమంత చోటే. దాన్నీ జరిపేస్తావేమోనని భయమేసింది. నాది పోకుండా ఉండాలని తనది చూపించాను."

కోడలి వైపు తిరిగింది. చేయి చాచి, ఆమె చేతుల్లోంచి ఒక గ్లాసు తను అందుకుంది.

"తెలియక అన్న మాట కాదు, తెలిసే అన్నాను. తప్పు నాదే అమ్మాయ్."